పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి: కిలో తూగని ప్రాణానికి కూడా డాక్టర్ కావాలె సార్

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది నల్గొండ జిల్లా సార్. ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చిన, ఒక్కదానికీ జవాబు రాలె. అందుకే నలుగురూ చదివేటట్టు రాస్తున్న, తప్పైతే మన్నించండి.

మా బిడ్డకు ఒక గినీ పిగ్ (ఇంట్ల పెంచుకునే ఎలుక జాతి చిన్న జంతువు) ఉంది, పేరు బుజ్జి. పోయినేడు సంక్రాంతి అయినంక దాని నడుము కింద శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. తెల్లారి దగ్గర్ల ఉన్న పశువుల దవాఖానకు తీస్కపోయినం. అక్కడున్న కాంటా మేకలను తూచేది సార్, బుజ్జిని పెడితే ముల్లు కదల్లే. మందు గ్రాముల లెక్కన ఇయ్యాలె కదా, ఎదురుంగ కిరాణం షాపుకు పోయి పప్పు తూచే కాంటా మీద అట్టముక్క వేసి కూచోబెట్టినం, 910 గ్రాములు. అది భయపడి అట్ట మీదనే ఒంటికి పోసింది, షాపాయన పాపం ఏమనలే. ఆ లెక్క చీటీ మీద రాసుకొని మళ్ల వస్తే డాక్టర్ సారు "ఇసొంటి వాటి గురించి మాకు తెల్వదమ్మా, హైదరాబాద్ తీస్కపోండి" అన్నడు. ఆయన మీద నాకు కోపం లేదు, కనీసం తెల్వదని నిజం చెప్పిండు.

ఇంకోకాడ అమాక్సిసిలిన్ సిరప్ రాసిచ్చిండ్రు. వెటర్నరీ చదువుతున్న మా చుట్టాల పిల్ల ఫోన్ల "అక్కా అది తాపొద్దు, పెన్సిలిన్ జాతి మందు నోట్లె పోస్తే గినీ పిగ్‌కు, కుందేలుకు పేగులల్ల మంచి బ్యాక్టీరియా చచ్చి విషం పుడతది, ప్రాణం పోతది" అనకపోతే ఆ రాత్రే తాపుతుంటి. మూత తీసి పెట్టుకున్న సార్.

అట్ల ఇట్ల తిరిగేసరికి మే నెల వచ్చింది, గడ్డ నిమ్మకాయంత అయి పగిలింది, పెరుగు గడ్డ లెక్క తెల్లగ కారుడు. మన నల్గొండ ఎండలు మీకు తెల్వనివి కావు, గినీ పిగ్‌కేమో 30 డిగ్రీలు దాటితేనే వడదెబ్బ భయం. ఐస్ బాటిల్‌కు తువ్వాల చుట్టి, పక్కన కీరదోస ముక్కలు పెట్టి, అట్టపెట్టె ఒళ్ళ పెట్టుకొని 100 కిలోమీటర్లు బస్సుల హైదరాబాద్ పోయినం. మా బిడ్డ దారంతా పెట్టె బొక్కలకెళ్లి ఊపిరి ఆడుతుందా లేదా అని చూసుకుంటనే ఉన్నది.

అక్కడ ప్రైవేటు డాక్టరమ్మ గడ్డల సూది గుచ్చి స్లైడ్ చూసి, గ్యాస్ మత్తు ఇచ్చి కోసి తీసింది. ముక్కను ల్యాబ్‌కు పంపితే ట్రైకోఫాలిక్యులోమా అని వచ్చింది, వెంట్రుక కుదురుల పుట్టే గడ్డ, గినీ పిగ్‌లల్ల బాగా కనపడేది, క్యాన్సర్ కాదు. శనగగింజంత ఉన్నప్పుడు వస్తే రెండు కుట్లతో పోయేదమ్మా అన్నది. 11,500 రూపాయలు అయినయి సార్, ఒక నెల మా ఇల్లు గడిచే పైసలు.

మా పక్కింటోళ్ల ఆడ కుందేలుకు ముందుగాల్నే చూపియ్యాలె అని చెప్పేటోళ్లు కూడా లేకపోయిరి. ఐదేండ్లది, పిల్లలు కాకుండ ఆపరేషన్ చేపియ్యలే, మూత్రంల రక్తం పడుతుంటే బీట్‌రూట్ తిన్నదేమో అనుకున్నరు. చచ్చిపోయినంక తెలిసింది, పిల్లల సంచి తీపియ్యని ఆడ కుందేళ్లకు వయసు మీద పడితే అండ్ల క్యాన్సర్ మస్తు ఎక్కువ అని.

1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల దవాఖాన బండ్లు ఊర్లకు వస్తున్నయి, బర్రెలకు, గొర్రెలకు అది మంచిదే. బర్రెలకే డాక్టర్లు చాలకపోతే ఎలుకంత దానికా అని ఎవరన్నా అంటరేమో, కానీ గ్యాస్ మత్తు మిషన్ వస్తే కుక్కకూ పిల్లికీ అదే పనికొస్తది. జంతువును ఎండల తిప్పే పని కూడా లేదు సార్, కోసిన ముక్కను చెడకుండ ఉంచే ఫార్మలిన్ మందు సీసాల వేసి పరీక్షకు పంపితే చాలు. రాజేంద్రనగర్‌ల, మామునూరుల, కోరుట్లల వెటర్నరీ కాలేజీలు ఉన్నయి కదా. మా జిల్లాకు చిన్న జంతువుల వైద్యం నేర్చిన డాక్టర్ ఒక్కరిని ఇయ్యండి, మహబూబ్‌నగర్‌కు ఒకరిని ఇయ్యండి. వాళ్లు వచ్చేదాకా ఉన్న సార్లకు ఏ మందు ఇయ్యొద్దో అదన్నా నేర్పియ్యండి. గ్రాములల్ల తూచే కాంటా అయితే రేపే ఇయ్యొచ్చు కదా సార్, దానికి ఏ జీవో కావాలె?

పోయిన ఆదివారం బుజ్జికి తానం పోస్తుంటే చనుమొన పక్కన ఇంకో గడ్డ తగిలింది. అక్కడ వచ్చే గడ్డలల్ల క్యాన్సర్‌వి కూడా ఉంటయంట, సూది గుచ్చి చూస్తే గాని తెల్వదంట. ఇప్పుడు శనగగింజంతనే ఉన్నది సార్. మా బిడ్డ రోజూ బడికి పోయే ముందు వేలుతోని తడిమి చూసి, "అమ్మా ఇయ్యాల కూడా గంతనే ఉన్నది" అని చెప్పి పోతున్నది.

ఇట్లు
నల్గొండ జిల్లా నుంచి ఒక తల్లి