ఆ లాప్‌టాప్ అమ్మకురా, సర్వర్ చేద్దాం

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. ఆ పాత లాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కట్లేదు, 10కేమో 2025 అక్టోబర్‌లోనే సపోర్ట్ ఆగిపోయింది, సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఎంతొస్తే అంతకి ఇచ్చేస్తా అన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. అది ఇంటెల్ ఏడో జనరేషన్ రా, 10-బిట్ హెచ్‌ఈవీసీ ఫైల్స్‌ని (బాగా కుదించిన వీడియోలు) కూడా అందులో ఉన్న గ్రాఫిక్స్ చిప్పే డీకోడ్ చేసేస్తుంది, ఇంట్లో సినిమాల సర్వర్‌కి అంతకన్నా ఏం కావాలి చెప్పు.

దాంట్లో విండోస్ బదులు డెబియన్ అనే ఫ్రీ లినక్స్ వేసెయ్, ఐకాన్లుండే డెస్క్‌టాప్ కూడా అక్కర్లేదు, దాని మీద జెల్లీఫిన్, అంటే మన సినిమాల్ని టీవీలకి, ఫోన్లకి పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్. ఇదే పని చేసే ప్లెక్స్ కూడా బానే ఉంటుంది గానీ 2025 ఏప్రిల్ నుంచి మన వీడియోలు మనం బయట నుంచి చూస్కోడానికి కూడా డబ్బులు కట్టమంటున్నారు, అది నాకు అస్సలు మింగుడుపడలేదు. జెల్లీఫిన్ ఎలా పుట్టిందో తెలుసా, 2018 చివర్లో ఎంబీ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు సోర్స్ కోడ్ మూసేస్తే, అప్పటిదాకా ఓపెన్‌గా ఉన్న కోడ్ పట్టుకుని కొంతమంది వాలంటీర్లు విడిగా మొదలుపెట్టారు. హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌తో (టీవీకి పడని వీడియోని గ్రాఫిక్స్ చిప్‌తో వేరే ఫార్మాట్‌లోకి మార్చడం) సహా అంతా ఫ్రీ. మీ అక్క పెళ్లి వీడియో మీ ఇంట్లో మీరు చూస్కోడానికి మధ్యలో ఇంకొకడి లాగిన్ దేనికి రా?

ఇన్‌స్టాల్ చిన్న పనే, వాళ్ల రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే చోటు) కలిపి, డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేసే కమాండ్ ఆప్ట్‌తో వేసి, బ్రౌజర్‌లో ఆ లాప్‌టాప్ ఐపీ అడ్రస్‌తో పోర్ట్ 8096 తెరిస్తే సెటప్ వస్తుంది. అసలు తిప్పలన్నీ పర్మిషన్ల దగ్గరే. సర్వర్ నీ పేరు మీద నడవదు, జెల్లీఫిన్ అనే వేరే యూజర్‌గా నడుస్తుంది, సో నీకు కనబడే ఫోల్డర్ దానికి కనబడకపోవచ్చు, అప్పుడు స్కాన్ ఎన్నిసార్లు కొట్టినా లైబ్రరీ ఖాళీగానే ఉంటుంది. అందుకే సినిమాలున్న డిస్క్‌ని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేప్పుడు ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసే ఫైల్) యూయూఐడీతో (దాని సొంత గుర్తింపు నంబర్) పెట్టి, ఆ యూజర్‌కి చదివే పర్మిషన్ ఇవ్వు. పక్కన నోఫెయిల్ అని కూడా రాయి, లేదంటే డిస్క్ కేబుల్ ఊడిన రోజు కరెంట్ పోయి వస్తే మెషిన్ బూట్ అవ్వకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది.

ఇంకోటి, డెవ్ కింద డీఆర్‌ఐ ఫోల్డర్‌లో ఎల్‌ఎస్ (ఫైళ్ల లిస్ట్ చూపే కమాండ్) కొట్టి చూడు, రెండర్‌డీ128 అని ఉంటుంది, గ్రాఫిక్స్‌కి దారి అదే. జెల్లీఫిన్ యూజర్‌ని రెండర్ గ్రూపులో చేర్చి సర్వీస్ రీస్టార్ట్ చెయ్, ఆ తర్వాతే సెట్టింగ్స్‌లో క్విక్ సింక్ (ఇంటెల్ గ్రాఫిక్స్‌తో వీడియో మార్చే సదుపాయం) ఆన్ చెయ్. అయినా టీవీ ఫైల్‌ని ఉన్నదున్నట్టు ఆడిస్తే ఇదంతా అవసరమే రాదు, సీపీయూ ఖాళీగా ఉంటుంది. బ్లూరే నుంచి వచ్చే బొమ్మల సబ్‌టైటిల్స్ ఉంటాయి చూడు, చాలా టీవీల్లో అవి ఆన్ చేస్తే చాలు వీడియో మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యాల్సొస్తుంది, అందుకే అక్షరాలుగా ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్స్ పెట్టుకో. ఫైల్ పేరులో సంవత్సరం కూడా ఉండాలి, మన తెలుగులో ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు ఉంటాయి కదా, లేకపోతే ఒకదానికి ఇంకోదాని పోస్టర్ తగిలిస్తుంది.

ఖమ్మంలో మీ అమ్మ చూడాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి రిక్వెస్ట్‌ని రౌటర్ నుంచి సర్వర్‌కి మళ్లించడం) జోలికి పోకు. చాలా నెట్ కనెక్షన్లలో ఒకే ఐపీ అడ్రస్‌ని బోలెడు ఇళ్లకి పంచుతారు, బయట నుంచి వచ్చే రిక్వెస్ట్ నీ రౌటర్ దాకా రానే రాదు. టెయిల్‌స్కేల్ అని, దూరంగా ఉన్న మెషిన్లని ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్ ఉంది, అది సర్వర్‌లో ఒకటి, అమ్మ ఆండ్రాయిడ్ టీవీలో ఒకటి వెయ్, సరిపోతుంది.

ఆదివారం కూకట్‌పల్లి వస్తా, కూర్చుని చేసేద్దాం. ఈలోపు విండోస్ ఫార్మాట్‌లో ఉన్న ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో ఉన్నదంతా ఇంకోచోట కాపీ చేసి పెట్టు, దాన్ని లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4కి ఫార్మాట్ చెయ్యాలి.

నీ
రాజు