మన నర్సుల సంఘం వార్షిక నివేదిక 2024–25: ఈ ఏడాది పొట్ట సంగతే ఎక్కువ పట్టించుకున్నాం

అక్కలకి, చెల్లెళ్ళకి, బ్రదర్స్‌కి అందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా విశాఖలో మన సంఘం ఏం చేసిందో సెక్రటరీగా ఇక్కడ రాస్తున్నా. జమాఖర్చుల కాగితం ట్రెజరర్ గారు గ్రూప్‌లో విడిగా పెట్టేశారు కాబట్టి ఆ లెక్కలు మళ్ళీ ఇక్కడ రాయట్లేదు, డౌట్లుంటే జనరల్ బాడీలో అడగండి.

మే 12 నర్సెస్ డేకి ఏటా స్టేజీ, శాలువాలు, కేకు ఉంటాయి కదా, ఈసారి అవన్నీ తగ్గించేసి వచ్చినవాళ్ళందర్నీ ఒకటే అడిగాం, మీ లాస్ట్ నైట్ డ్యూటీలో అన్నం ఎప్పుడు తిన్నారు, కూర్చుని తిన్నారా అని. ముందు అందరూ నవ్వారు గానీ తర్వాత ఒక్కొక్కరూ చెప్తుంటే హాలంతా సైలెంట్ అయిపోయింది. ఐసీయూలో చేసే ఒక చెల్లి బాక్స్ మూత తీసి రెండు ముద్దలు తినేసరికి మానిటర్ అలారం మోగిందట, లేచి వెళ్ళింది, పొద్దున్న హ్యాండోవర్ ఇచ్చాక ఆ బాక్స్ అలాగే ఇంటికి పట్టుకెళ్ళి వాళ్ళమ్మకి కనపడకుండా పారేసిందట. ఇంకో అక్క అయితే బాక్స్ తేవడమే మానేసి తెల్లవారుజామున టీ, బన్నుతో లాగించేస్తోంది. ఏప్రన్ జేబులో పెన్ను, కత్తెర, ప్లాస్టర్ టేపు పక్కన ఎసిడిటీకి వేసుకునే పాంటాప్రజోల్ మాత్రల స్ట్రిప్ కూడా మనకి మామూలైపోయింది. ఆరోజే అనుకున్నాం, ఈ ఏడాది మన పని ఇదేనని.

తర్వాత ఒక గ్యాస్ట్రో డాక్టర్ గారిని పిలిపించి మాట్లాడించాం. డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్ళ కోసం ఆయన చెప్పిన ముఖ్యమైనవి రాస్తున్నా. పొట్టకి, పేగులకి కూడా సొంత గడియారం ఉంటుంది, రాత్రిపూట పొట్ట ఖాళీ అవ్వడం స్లో అవుతుంది, పెద్దపేగు నిద్రలో దాదాపు రెస్ట్‌లో ఉండి మెలకువ వచ్చాక కదులుతుంది. మనం నైట్ దిగి ఇంటికెళ్ళగానే పడుకుంటాం కాబట్టి ఆ టైమ్ తప్పిపోతుంది, దానికి తోడు డ్యూటీలో బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగం, వచ్చినా ఆపుకుంటాం, ఇంక మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్ రాక ఏమవుతాయి. 2010లో అమెరికాలోని మిషిగన్‌లో నర్సుల మీదే చేసిన ఒక స్టడీలో డే డ్యూటీ వాళ్ళకంటే షిఫ్టులు మారుతూ చేసేవాళ్ళలో ఐబీఎస్ ఎక్కువ కనపడింది. అంటే కడుపుబ్బరం, ఒకరోజు విరేచనాలు ఒకరోజు అసలు అవ్వకపోవడం, ఇది మీ ఒక్కరి బాధే అనుకుని సిగ్గుపడి దాచుకోవద్దు అక్కా.

నాకు బాగా తలకెక్కింది మాత్రం అల్సర్ సంగతి. టెన్షన్ వల్లే వచ్చిందిలే అని మనమే పేషెంట్లకి చెప్తుంటాం, కానీ అల్సర్లకి పెద్ద కారణాలు రెండు, హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా, ఇంకోటి పెయిన్ కిల్లర్లు. ఆ బ్యాక్టీరియా సంగతి తేల్చడానికి బ్యారీ మార్షల్ అనే డాక్టర్ 1984లో దాన్ని తనే తాగేసి జబ్బు తెచ్చుకున్నాడు, 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. ఇంక పెయిన్ కిల్లర్లంటే, మన మెంబర్ ఒక సీనియర్ అక్క నడుం నొప్పికి ఖాళీ కడుపున డైక్లోఫెనాక్ వేసుకుంటూ వచ్చింది, మలం నల్లగా అవుతున్నా ఐరన్ మాత్రల వల్ల అనుకుంది, ఎండోస్కోపీ చేస్తే అల్సర్ నుంచి బ్లీడింగ్. పేరు లేకుండా రాయమని తనే చెప్పింది, ఇంకొకరికి ఇలా అవ్వకూడదని. ఇదే పేషెంట్‌కైతే మనం ఒక్క నిమిషం ఆగం, డాక్టర్‌కి ఫోన్ చేసేస్తాం, మన ఒంటికి వచ్చేసరికి ఎందుకు ఆగుతామో ఆలోచించండి. పాంటాప్రజోల్ కూడా తినడానికి ఓ అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తుంది, అర్ధరాత్రి మంట పుట్టినప్పుడు నోట్లో వేసుకుని ఏమీ తినకుండా ఉంటే పెద్దగా ఉపయోగం లేదు, ఏళ్ళ తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గే రిస్క్ ఉంది. సొంతంగా వాడుతున్నవాళ్ళు ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి.

ఇవన్నీ విన్నాక ఒక చెల్లి లేచి, సార్ ఇవన్నీ మాకు తెలుసు, తినడానికి టైమ్ ఎవరిస్తారు అంది. కరెక్టే కదా, మనకి తెలియక కాదు కదా ఇలా అవుతోంది. అందుకే లెక్చర్లు అక్కడితో ఆపి రిలీవర్ పద్ధతి పెట్టాం, నా దృష్టిలో ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని ఇదే. షిఫ్ట్ ఎక్కగానే ఎవరు ఎప్పుడు తింటారో రోస్టర్ పక్కనే రాసుకోవాలి, తినే మనిషి బెడ్లని పక్క సిస్టర్‌కి నోటితో హ్యాండోవర్ ఇచ్చి వెళ్ళాలి, ఆ ఇరవై నిమిషాలు ఆమెని ఎమర్జెన్సీకి తప్ప పిలవకూడదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్లు కొందరు మొదట్లో ఒప్పుకోలేదు, మా టైమ్‌లో ఇవన్నీ ఉన్నాయా అన్నారు, తర్వాత వాళ్ళే ముందు కూర్చుని తినడం మొదలుపెట్టాక మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. అన్ని వార్డుల్లో నడుస్తోందని చెప్పను, నైట్‌లో ఒక్క సిస్టరే ఉండే చోట రిలీవర్ ఎక్కణ్ణించి వస్తుంది, అక్కడ స్టాఫ్‌ని పెంచాల్సిందే, దాని మీద రిప్రజెంటేషన్ ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు.

తిండి విషయానికొస్తే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలోనే కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది, మొత్తం 17. అందులో మనకి బాగా తగిలేది టీ, కాఫీ గురించి, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా తాగొద్దంటారు, వాటిలో ఉండే టానిన్లు అనే పదార్థాలు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. మనలో రక్తం తక్కువున్నవాళ్ళు చాలామంది, తిన్న వెంటనే టీ తాగేదీ మనమే. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దని కూడా ఉంది, పచ్చడి, అప్పడం, చిప్స్ ప్యాకెట్ తోనే అది అయిపోతుంది చూసుకోండి.

కార్తీకమాసం వనభోజనాలకి కూడా ఈసారి క్యాటరింగ్ వద్దని ఎవరి డ్యూటీ బాక్స్ వాళ్ళు తెచ్చుకుని పంచుకున్నాం. చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసి ఫ్లాస్క్‌లో తెచ్చిన అక్కది ముందు అయిపోయింది, నైట్‌లో తినడానికి బరువుండదు, తాగేసి పనిలోకి వెళ్ళిపోవచ్చు. తరవాణి అన్నం, తోటకూర పప్పు, ఉడకబెట్టిన శనగలు, జామకాయలు కూడా వచ్చాయి. పీచు, పులిసినవి, రెండూ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకి ఉపయోగమని డాక్టర్ గారు చెప్పింది మా అమ్మమ్మల ఇళ్ళల్లో రోజూ ఉండేదే. ఐబీఎస్ ఉన్నవాళ్ళకి శనగలు, ఉల్లిపాయ పడకపోవచ్చు, మీకు ఏది పడుతుందో చూసుకుని తినండి. నైట్ బిర్యానీ పార్సిళ్ళు వారానికోసారికి తగ్గించండి, మానేయమని అనట్లేదు. ఇంకో మాట, తినేముందు శానిటైజర్ రుద్దుకుని సరిపెట్టొద్దు, విరేచనాలు తెచ్చే సీ డిఫ్ అనే బ్యాక్టీరియా స్పోర్స్ (గట్టి బీజాలు) దానికి చావవు, సబ్బూ నీళ్ళే.

మిగతా పనులు క్లుప్తంగా: రిటైరైన మెంబర్లకి సన్మానం చేశాం, ఆపరేషన్ అయిన ఇద్దరు మెంబర్లకి సహాయనిధి నుంచి డబ్బు ఇచ్చాం, మెంబర్‌షిప్ రెన్యువల్ ఇంకా కొందరిది పెండింగ్ ఉంది.

వచ్చే ఏడాదికి కమిటీ మూడు పెట్టుకుంది. నైట్ నుంచి వెనక్కి కాకుండా మార్నింగ్, ఈవినింగ్, నైట్ అనే వరుసలో షిఫ్టులు మార్చమని అడుగుతాం, ఒంటికి ఆ వరుసలో అలవాటవడం తేలిక. ప్రతి ఫ్లోర్‌లో స్టాఫ్‌కి తాగునీళ్ళు, గడియ ఉన్న బాత్రూమ్ అడుగుతాం. నలభై దాటిన మెంబర్లందరికీ హిమోగ్లోబిన్, బీ12, షుగర్ టెస్టులు సంఘం ఖర్చుతో చేయిద్దామని ప్రపోజల్ ఉంది, దీనికి జనరల్ బాడీ ఓటు కావాలి. నైట్ దిగి వచ్చేవాళ్ళు నిద్ర మానుకుని రావద్దు, మీ ఓటు రాసి మీ వార్డు ప్రతినిధికి ఇచ్చేయండి.