కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) బండి మీద తీసుకెళ్లే విషయం

ఆదివారం కళింగపట్నం వచ్చేవాళ్లు ఒకసారి చదవండి. విడివిడిగా బండ్లు మాట్లాడుకోవద్దు, అందరం కలిసి ఒక బొలెరో పికప్ పెట్టుకుందాం. శ్రీకాకుళం మార్కెట్‌లో సరుకు దించి గార వైపు ఖాళీగా వెళ్లే రిటర్న్ బండి దొరికితే కిరాయి బాగా తగ్గుతుంది, ముందురోజు సాయంత్రమే డ్రైవర్లను అడగాలి.

మన కయాక్‌లు పది పన్నెండు అడుగులు, బండి తొట్టి అంత ఉండదు. వెనక్కి వేలాడదీసి ఎర్రగుడ్డ కడితే చాలనుకుంటారు చాలామంది, కానీ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లోడు బండి దాటి బయటికి వస్తే 20,000 రూపాయల జరిమానా ఉంది. అందుకే ముక్కు భాగం క్యాబిన్ మీదికి ఎత్తి, తోక తొట్టిలోనే ఉండేలా ఏటవాలుగా పెట్టాలి. దానికి రెడీమేడ్ రాక్ అక్కర్లేదు, క్యాబిన్ వెనక కమ్మీకి అడ్డంగా ఒక జీఐ పైపు గట్టిగా కట్టి దానికి పాత సైకిల్ ట్యూబు, పైన గోనె సంచి చుడితే సరిపోతుంది.

కట్టడానికి మాత్రం నైలాన్ తాడు వద్దు, దారిలో వదులైపోతుంది. వెడల్పాటి బెల్టులు రెండు చోట్ల వేయండి, మరీ బిగించకండి, ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి సొట్ట పడుతుంది. ముక్కుకు వేరే తాడు తప్పనిసరి. ఊరు దాటాక ఒకసారి ఆపి బిగింపు చూసుకోవాలి.

బెల్టులు ఎవరి దగ్గర ఉన్నాయో ఈ రాత్రికే చెప్పండి.