వంశధార పల్లెల అసలు లెక్క ఫిబ్రవరిలో తేలదు

సంపాదకుడు గారికి,

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని జనగణన జరగబోతోంది. శ్రీకాకుళం జిల్లా మీదుగా పారే వంశధార నది పరీవాహక పల్లెల్లో ఎందరున్నారో, ఏం చేసి బతుకుతున్నారో ఈసారైనా సరిగా తేలాలి.

తలల లెక్క ఫిబ్రవరిలో. గతసారి, 2011లో, ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు సాగింది. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివారిని ఆ ఇంట్లో రాయరు, ఎక్కడుంటే అక్కడ రాయాలి. ఖరీఫ్ వరి నూర్చాక, రెండో పంటకు నీరందని ఊళ్ల నుంచి హైదరాబాద్, చెన్నై భవన నిర్మాణ పనులకు జనం వెళ్లేది సరిగ్గా అప్పుడే. మళ్లీ ఉభాల (వరినాట్ల) నాటికి తిరిగొస్తారు. ఇక్కడ ఇంటికి తాళం. అక్కడ రేకుల షెడ్డు దాకా గణకుడు వెళ్లకపోతే ఆ కుటుంబం రెండు చోట్లా లేనట్టే. ఆ అంకె చూసి ఊరు ఖాళీ అయిందనుకుని తాగునీటి పథకాన్ని కుదిస్తే, జులైలో బిందెలు బారులు తీరతాయి. అందుకే ప్రతి గ్రామ సచివాలయం జనవరిలోనే తాళం వేసిన ఇళ్ల జాబితా విడిగా రాసుకోవాలి: ఎందరు, ఎక్కడికి, ఏ నెల వెళ్లారు, ఏ నెల వస్తారు. పక్కింటివాళ్లనడిగితే చెబుతారు.

పని లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పనిచేస్తే ప్రధాన శ్రామికులు, అంతకు తక్కువైతే ఉపాంత శ్రామికులు. "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అంటే "ఇంట్లోనే ఉంటుందండి" అంటారు. ఆమె ఉభాలకు వెళ్తుంది, కలుపు తీస్తుంది, గేదె పాలు పితుకుతుంది. పాలు ఇంటి వాడకానికే అయినా అది పనేనని 2011 జనగణన నిర్వచనమే చెబుతోంది. కాబట్టి "పని చేస్తుందా" అని కాక "నాట్లు వేసిందెవరు, పాలు పితికేదెవరు" అని అడగాలి. గణకుల శిక్షణలో ఇది తప్పనిసరి కావాలి.

పాత అంకెలతో పోల్చేటప్పుడు మరో జాగ్రత్త. 2011లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114. 2022 విభజనలో వంశధార ఒడ్డునే ఉన్న భామిని మండలం పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది. జిల్లా అంకెల్ని నేరుగా పోలిస్తే లేని తగ్గుదల కనిపిస్తుంది.

నది పరీవాహకంలో ఎందరున్నారో లెక్క కావాలంటే ఊళ్ల వారీగానే కూడాలి. కొంత వంశధార, కొంత పక్కనున్న నాగావళి నది పరీవాహకంలో ఉన్న మండలాల జనాన్ని విస్తీర్ణాన్ని బట్టి రెంటికీ పంచితే లెక్క తప్పుతుంది. కొండల్లో నేల ఎక్కువ, మనుషులు తక్కువ. గొట్టా బ్యారేజీ ఎడమ కాలువ కింద టెక్కలి వైపు పొలాలు పరీవాహకం బయట ఉన్నా బతికేది వంశధార నీటితోనే. వాటికి వేరే వరుస పెట్టాలి. పరీవాహకంలో ముప్పాతిక దాకా ఒడిశాలోనే ఉంది గనుక రెండు రాష్ట్రాలూ ఊళ్ల కోడ్లతో ఒకే పట్టిక తయారుచేయాలని మా విన్నపం.

ఇట్లు,
కొందరు పాఠకులు