మందు ఎక్కువై కాదు, మందు అందక

హన్మకొండ

ఒరేయ్ మల్లేశం,

ఫోన్ ఎత్తలేదని అలిగావట. అలగకురా. ఈ మధ్య నా గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. నువ్వు "ఆఁ? ఆఁ?" అన్నకొద్దీ నాకు టెన్షన్. అందుకే ఉత్తరం. గీతల నోటుబుక్కులో రాస్తున్నా, లేకపోతే అక్షరాలు చిన్నవైపోతూ చివరికి చీమలబారు అవుతాయి. అదీ ఈ పార్కిన్సన్స్ జబ్బు చలవే.

మొన్న చౌరస్తాలో చాయ్ తాగుతుంటే కప్పూ సాసరూ గలగలా కొట్టుకుని సగం చాయ్ చొక్కా మీద పడింది. పక్కనున్న పిల్లగాడు దోస్తుతో "పొద్దుగాల్నే ఏసిండురా పెద్దమనిషి" అన్నాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, కల్లు కూడా ముట్టనివాణ్ణి! (సరే, మేడారంలో ఒక్కసారి, నీకు తెలుసు.) ఇదివరకైతే తల దించుకుని వచ్చేసేవాణ్ణి. ఈసారి లెవోడోపా గోలీల పట్టీ తీసి చూపించి "మందు ఎక్కువై కాదు బిడ్డా, మందు అందక" అన్నా. మెదడులో డోపమిన్ అని, ఒంటి కదలికల్ని అదుపులో పెట్టే రసాయనం, దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతున్నాయి, ఈ గోలీయే లోపలికి పోయి డోపమిన్ అవుతుంది, టైము దాటితే ఇదీ సంగతి అని చెప్పా. వాడు ఇంకో చాయ్ చెప్పాడు, కప్పులో సగమే పోయించి. తెలివైనోడు.

వణుకుదేముంది, అసలు బాధ మొహంతోనే. మేనకోడలి పెళ్లిలో నవ్వుతున్నాననే అనుకున్నా. ఫోటోల్లో చూస్తే అప్పులోడు ఇంటికొచ్చినట్టుంది నా మొహం. "మామకు ఈ సంబంధం ఇష్టం లేదా?" అని పెళ్లికొడుకు వాళ్లు అడిగారట. మొహం కండరాలు బిగుసుకుపోతే నవ్వు లోపలే ఉండిపోతుందిరా. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందే చెప్పేస్తున్నా: "నేను నవ్వుతున్న, మొహం చూడకుండ్రి."

నేను పక్కనే ఉండగా "సారు అన్నం తింటున్నడా?" అని మా ఆవిణ్ణి అడుగుతారు. నడక నెమ్మదిస్తే బుర్రా నెమ్మదించినట్టేనట! 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి రాసినప్పుడు బుద్ధి చెడదనే రాశాడు. అది అందరి విషయంలో నిజం కాదులే, పోనుపోను కొందరికి మతిమరుపు వస్తుంది. నాకు మాత్రం పదిహేడో ఎక్కం ఇంకా గడగడా వస్తుంది, వచ్చి అప్పజెప్పించుకో.

వచ్చినప్పుడు గడప దగ్గర ముగ్గుపిండి గీతలు చూసి బెదిరిపోకు. అక్కడ నా కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. గీత దాటాలి అనుకుంటే మాత్రం కాలు లేస్తుంది. అందుకే మీ చెల్లె అడుగుకో గీత గీసింది. పక్కింటామె అదేదో చేతబడి అనుకుని నెల రోజులుగా వెనక సందులోంచి తిరిగి పోతోంది.

ఇదిగో, గోలీ టైమైంది, అక్షరాలు చీమలవుతున్నాయి. కళ్లజోడు పెట్టుకుని చదువు.

నీ
రాజన్న