శబ్దమాపకాన్ని రైలు పట్టాల ఎత్తున పెట్టించండి

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ బాధ్యతలు చూస్తున్న గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

2017 నవంబరులో మొదలై నేడు దాదాపు 69 కిలోమీటర్లకు విస్తరించిన హైదరాబాద్ మెట్రో మొదటి దశ మొత్తం స్తంభాల మీదే సాగుతుంది. అందువల్ల రోడ్డు మీద వెళ్లేవారికి తలపైన నడిచే రైలు, పక్క భవనాల పై అంతస్తుల్లో ఉండేవారికి కిటికీ ఎదుటే నడుస్తుంది. ఈ రైలు శబ్దాన్ని కొలిచే మాపకాన్ని కింద ఫుట్‌పాత్ మీద పెడితే వంతెన కాంక్రీటే శబ్దాన్ని కొంత అడ్డుకుంటుంది, బస్సుల హారన్లు అందులో కలుస్తాయి. అక్కడ వచ్చిన అంకెను బట్టి పై అంతస్తులో పడుకున్న మనిషికి ఏం వినిపిస్తోందో చెప్పలేము.

రెండో చిక్కు సగటుతో వస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమావళి నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించింది. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు, అదీ కాలసగటు. ఉదాహరణకు రాత్రి పది, పదకొండు గంటల మధ్య 12 రైళ్లు వెళ్లి, ఒక్కొక్కటి 15 సెకన్లపాటు 70 డెసిబెల్స్ వినిపించిందనుకుందాం. ఎనిమిది గంటలకు పరిచి లెక్కిస్తే అది సుమారు 48కి దిగిపోతుంది. కాగితం మీద పరిమితిని మూడు డెసిబెల్స్ మాత్రమే దాటినట్టు కనిపిస్తుంది గానీ, నిద్రలో ఉన్నవారిని ఉలిక్కిపడేలా చేసేది ఆ పన్నెండు మోతలే. (సగటున మోకాలి లోతున్న ఏట్లో మనిషి మునిగిపోయినట్టే ఇదీ.) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపాకు ఇచ్చిన మార్గదర్శకాల్లో రైలు శబ్దం రాత్రివేళ 44 డెసిబెల్స్ లోపు ఉండాలన్నది నిద్రాభంగాన్ని దృష్టిలో పెట్టుకునే.

మలుపుల దగ్గర చక్రం పట్టాను ఒరుసుకుని వచ్చే కీచు శబ్దం వేరు, వంతెన కంపించడం వల్ల పుట్టే బొంగురు మోత వేరు. కీచుకు పట్టాల అరగదీత, మలుపుల్లో కందెన, చక్రాలను మళ్లీ గుండ్రంగా చెక్కడం పనికొస్తాయి. బొంగురు మోతను మాత్రం మామూలుగా వాడే ‘ఎ’ తూకం (మనిషి చెవికి వినిపించే తీరుకు తగ్గట్టు కొలతను సర్దే పద్ధతి) తక్కువ చేసి చూపుతుంది కనుక, తక్కువ పౌనఃపున్యాలను విడిగా నమోదు చేయించాలి.

కాబట్టి మలుపులు, ఆసుపత్రుల సమీపంలోని ఇళ్లలో పట్టాల ఎత్తున కిటికీ బయట మాపకాలు పెట్టించి, ప్రతి రైలు గరిష్ఠ శబ్దాన్ని, వెళ్లిన వేళతో సహా, అందరికీ తెలిసేలా ప్రకటించమని కోరుతున్నాను. రెండో దశ మార్గాల్లో అయితే ఇప్పుడున్న శబ్దాన్ని స్తంభాలు లేవకముందే కొలిపించాలి. రైళ్లు తిరగడం మొదలయ్యాక అంతకుముందు అక్కడ ఎంత నిశ్శబ్దం ఉండేదో కొలిచే అవకాశం ఉండదు.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడు