పుస్తక సమీక్ష పిల్లల మాటల్లోనే ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మా దేవరకొండ వైపు బడుల పిల్లలకూ వ్యాసరచన పోటీలు పెడతారు, బహుమతులిస్తారు. వేదికెక్కిన పెద్దలు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: పిల్లలు ఫోన్లకు అలవాటుపడి చదవడం మానేశారని. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే నేను ఈ మాట ఒప్పుకోలేను. పాఠ్యపుస్తకం కాని పుస్తకాన్ని తమకు తాము ఎంచుకుని, నచ్చకపోతే పక్కన పెట్టి, మరొకటి తీసుకునే వీలు మా పిల్లల్లో చాలామందికి అసలు దొరకనే లేదు. మొదలే పెట్టనిదాన్ని మానేశారని ఎలా అంటాం?

బడిలోనే జరిగే ఫార్మేటివ్ పరీక్ష (ఎఫ్.ఎ.)లో తెలుగుకు 20 మార్కులుంటే, అందులో 5 పుస్తక సమీక్షకు. పాఠం బయట ఓ కథో, పత్రికలో వచ్చిన అంశమో చదివి సొంత అభిప్రాయం రాయాలన్నది ఉద్దేశం. మన పరీక్షల్లో ఇంత మంచి ఆలోచన మరొకటి ఉందని నేననుకోను. కాని ఎఫ్.ఎ. తేదీ దగ్గరపడగానే గైడులోంచో, యూట్యూబ్‌లోంచో, పై తరగతి అక్క నోటుబుక్కులోంచో ఓ సమీక్ష వచ్చేస్తుంది. పుస్తకం పేరు, రచయిత, పాత్రలు, నీతి, చివర 'ఈ పుస్తకం నాకు చాలా నచ్చింది'. తరగతి మొత్తానికీ అదే సమీక్ష. పుస్తకం మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే గడువు ముంచుకొస్తుంది కాబట్టి అందరికీ పడిపోతాయి.

ఈ ఏడు మా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఆ పద్ధతి మార్చాం. ఏం చదివావు, ఎక్కడ ఆగావు, తర్వాత ఏం చదవాలనుకుంటున్నావు అని మాత్రమే అడిగాం. సగంలో వదిలేశానని రాసినా మార్కు తగ్గదని ముందే చెప్పాం. మొదటిసారి ఎవరూ నమ్మలేదు, అందరికీ అన్ని పుస్తకాలూ 'చాలా నచ్చాయి'. రెండోసారికి ధైర్యం వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఇలా రాసింది: "ఈ బుక్కు సగం దాక చదివిన. పేర్లు మస్తుగున్నయి, ఎవరు ఎవరో సమజ్ కాలే. గని బాయి తవ్వే కాడ మంచిగుంది. అది రెండుసార్లు చదివిన."

గైడు సమీక్షను దీని పక్కన పెట్టి చూడండి. తనకు ఎక్కడ కష్టమైందో, ఎక్కడ మనసు పట్టిందో ఆ పిల్లకు స్పష్టంగా తెలుసు. పాత్రలు తక్కువున్న పుస్తకం ఇస్తే చివరిదాకా చదువుతుందని ఆ నాలుగు ముక్కల వల్లే నాకు తెలిసింది. ఇచ్చాను, చదివింది.

ఇంకో అబ్బాయి, "దసరా అయినంక పత్తి ఏరుడుండె, చదవలే. ఇగ దినాం పండుకునే ముందు రెండు పేజీలు చదువుత" అని రాశాడు. కొన్ని బడుల్లో గోడకు పట్టికలు వేలాడదీసి నెలకు ఇన్ని పుస్తకాలని లక్ష్యాలు పెడుతున్నారు. అలా పెడితే పిల్లలు బీరువాలో అన్నిటికంటే సన్నటి పుస్తకాలు వెతుక్కుంటారు. ఈ అబ్బాయి పెట్టుకున్న రెండు పేజీల లక్ష్యం వాడి ఇంటి పనిని, పొలం పనిని చూసుకుని పెట్టుకున్నది. అందుకే అది నిలుస్తుందని నా నమ్మకం.

దేవరకొండ చుట్టూ తండాలు ఎక్కువ. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, వాళ్లకు తెలుగు బడిలో పలికే భాష. వారిలో ఒకడు తను చదివిన కథను రాత్రి వాళ్లమ్మకు తమ భాషలో చెప్పాడట. అట్లాంటి కథే తనకూ తెలుసని ఆమె ఇంకో రకంగా చెప్పింది. "మా యాడి చెప్పినదాంట్ల నక్క గెలుస్తది" అని రాసి, తనకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో పేజీ నిండా రాశాడు. పుస్తకాన్నీ తల్లి మాటనూ పక్కపక్కన పెట్టి బేరీజు వేశాడు. సమీక్ష అంటే ఇదే. ఏ గైడులోనూ ఇది దొరకదు.

ఇదంతా జరగాలంటే ముందు పుస్తకం పిల్లల చేతికి రావాలి. పుస్తకాలు లేవని అనలేం. కేంద్ర విద్యా పథకం సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏటా రూ. 5 వేల నుంచి రూ. 20 వేల దాకా గ్రంథాలయ నిధి ఇచ్చే ఏర్పాటు ఉంది. 2022 ఫిబ్రవరిలో పిల్లల చేత చదివించే వంద రోజుల 'రీడ్' కార్యక్రమం రాష్ట్రమంతా మొదలైంది. అయినా నేను చూసిన చాలా బడుల్లో పుస్తకాలు హెడ్మాస్టరు గదిలోని బీరువాలోనే ఉన్నాయి, దానికి తాళం. తాళం వేసిన ఉపాధ్యాయుణ్ని తప్పుపట్టలేను. పుస్తకాలు స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉంటాయి, ఒకటి పోతే జవాబు చెప్పాల్సింది ఆయనే. పిల్లలు ఇంటికి తీసుకెళ్తే కొన్ని చిరుగుతాయి, కొన్ని పోతాయి. ఆ భారం ఉపాధ్యాయుడి మీద పడదని జిల్లా విద్యాశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. తాళాలు తీయించడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తోచడం లేదు.

జిల్లా గ్రంథాలయ సంస్థకూ ఒక విన్నపం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను తండాల్లోని ఇళ్లూ కడుతున్నాయి. మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి మాత్రం ఆ పిల్లలు రాలేరు. సాయంత్రం బడి వదిలేసరికి ఊరికి వెళ్లే బస్సు అందుకోవడమే గగనం. వచ్చినా కుర్చీలన్నీ గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ ఉద్యోగాలకూ చదువుకునే యువతతో నిండి ఉంటాయి. వాళ్ల అవసరం వాళ్లది, వాళ్లను లేపమని అడగను. పిల్లల పుస్తకాలను పెట్టెలో సర్ది, ఒక బడిలో నెల ఉంచి మరో బడికి పంపించండి. తీసుకెళ్లి తిరిగి తెచ్చే పని మా ఉపాధ్యాయులం చూసుకుంటాం.

1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది. బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన 1931లో నిజాం రాజ్యంలోని తెలుగువారి రెండో ఆంధ్ర మహాసభ జరిగింది మా దేవరకొండలోనే. గ్రంథాలయం పెట్టుకోవడాన్ని కూడా నిజాం సర్కారు అనుమానంగా చూసిన రోజులవి. అప్పటివాళ్లు ఆ అడ్డంకిని దాటారు. మనకు అడ్డం ఒక స్టాకు రిజిస్టరు, ఒక మార్కుల పద్ధతి. ఈ రెండూ జిల్లా స్థాయిలో కూర్చుని సరిచేయగలిగినవే.

పుస్తకం పోయినా భారం ఉపాధ్యాయుడిది కాదన్న ఉత్తర్వును సంక్రాంతి సెలవులకు ముందే విద్యాశాఖ ఇస్తే, ప్రతి పిల్లా పిల్లవాడూ తనకు నచ్చిన ఒక పుస్తకం ఇంటికి తీసుకెళ్లవచ్చు. పాలమూరు, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ వైపు బడుల్లో ఇలాంటి ప్రయత్నం చేస్తున్న ఉపాధ్యాయులు ఉంటే తమ పిల్లలు రాసిన మాటలను ఈ శీర్షికకు పంపాలని కోరుతున్నాను.

– ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా